స్కెల్టన్ పైలో ఉప్పు

విన్నిఫ్రెడ్ స్కెల్టన్ ఆల్డర్‌బీలో పొద్దుటి రైలెక్కి లీడ్స్ వచ్చింది. ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ క్రాలీ ఎదుట కూర్చుని, చేతి తొడుగులు కూడా తీయకుండా మొదలుపెట్టింది.

“నా మాంసం పైలను ఎవరో పాడుచేశారండీ. ఎవరో మీరు కనిపెట్టాలి. డోర్కస్ కాదని చెప్పాలి.”

“కాదని ముందే తెలిస్తే నా దగ్గరికెందుకు వచ్చారు?” అంది హెస్టర్.

ఈలోగా హెస్టర్ సహాయకుడు టోబియాస్ టీ తెచ్చిపెట్టాడు. తన కప్పులో ఒక గుక్క తాగి సిగ్గుతో కుంచించుకుపోయాడు. పాలు పులిసిపోయాయి. హెస్టర్ కప్పు పక్కకు జరిపేసింది. మిసెస్ స్కెల్టన్ మాత్రం చివరి చుక్క దాకా తాగి, “మంచి టీ బాబూ” అంది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాడు టోబియాస్.

పంది మాంసం నింపి కాల్చే స్కెల్టన్ పైలంటే ఆల్డర్‌బీ సంతలో మూడు తరాల పేరు. మాంసంలో ఉప్పూ మిరియాలూ ముందురోజు సాయంత్రం మిసెస్ స్కెల్టనే కలుపుతుంది. రాత్రంతా చల్లగదిలో ఉంచి, తెల్లవారాక పిండి డొప్పల్లో నింపి కాలుస్తారు. పోయిన శనివారం ఏడాదికోసారి జరిగే పెద్ద సంత. పోటీకి పెట్టిన పైని న్యాయనిర్ణేత కొరికి, రుమాల్లోకి ఉమ్మేశాడు. నోట పెట్టలేనంత ఉప్పు.

“ముందురోజు రాత్రి చల్లగదికి తాళం వేశానండీ. ఎప్పుడూ వేసేదాన్ని కాదు. ఎదురు కొట్టు కాడ్వెల్ మా పైల రహస్యం కోసం కాచుకుని ఉన్నాడని మా మేనల్లుడు హ్యూబర్ట్ భయపెట్టాడు. తాళంచెవి నా మెళ్ళోనే ఉంది. పొద్దున ఎవర్నీ రానివ్వకుండా నేనే నింపాను.”

“డోర్కస్ ఎవరు?”

“నా దగ్గర పనిచేస్తుంది. చిన్నపిల్లప్పుడు వచ్చింది, ఇప్పుడు తల నెరిసింది. మా కొట్టు మేడమీదే ఉంటుంది. ఆ రోజు తెల్లవారుజామున అది కాడ్వెల్ కొట్టు వెనక గుమ్మంలోంచి వస్తుంటే హ్యూబర్ట్ చూశాడట. అడిగితే నోరు విప్పదు. వచ్చే సంతలోగా పంపించెయ్యమంటాడు వాడు. పంపిస్తే ఎక్కడికి పోతుందండీ?”

శుక్రవారం మధ్యాహ్నం హెస్టర్, టోబియాస్ ఆల్డర్‌బీలో రైలు దిగారు. సంతవీధి మధ్య రాతి శిలువ చుట్టూ మర్నాటి సంతకు బల్లలు వేస్తున్నారు. కాడ్వెల్ తన మాంసం కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. హెస్టర్ వచ్చిన పని చెప్పింది.

“స్కెల్టన్ రహస్యమా? ఉప్పూ మిరియాలూనమ్మా, మా అమ్మమ్మకీ తెలుసు. వాళ్ళత్త కొట్టు ఎప్పుడమ్ముకుందామా అని ఆ హ్యూబర్ట్‌కి ఆత్రం. నన్ను దొంగని చేస్తే వాడికదో సరదా.”

“డోర్కస్ మీ దగ్గరికి ఎందుకొస్తోంది?”

కాడ్వెల్ మెడ గోక్కున్నాడు. “ఎవరికీ చెప్పొద్దంది. చెప్పకపోతే ఆవిడ పనే పోయేట్టుంది. మాంసం కొంటుందమ్మా. ప్రతి శనివారం, చీకటుండగానే. ఉప్పు తగలని వట్టి మాంసం.”

“ఎప్పట్నుంచి?”

“మిసెస్ స్కెల్టన్ చలికాలంలో జ్వరంపడి లేచింది చూడండి, అప్పట్నుంచి. ఆ పెద్ద సంత రోజున కూడా వచ్చింది. కొనుక్కెళ్ళిందల్లా కాసేపటికి తిరిగి తెచ్చి, ‘ఇవాళ పనికిరాదు’ అని ఏడ్చుకుంటూ పోయింది.”

స్కెల్టన్ వంటింట్లో డోర్కస్ బల్ల తోముతోంది. పొయ్యి పక్క మేకుకు చిన్న పెనం వేలాడుతోంది.

“ఎవరిదిది?” అంది హెస్టర్.

“నాదేనమ్మా. గుడ్డు వేసుకుంటాను.”

గుమ్మంలోంచి హ్యూబర్ట్ నవ్వాడు. “నువ్వా? గుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లొస్తాయని మొన్న కేకు కూడా ముట్టలేదు. అబద్ధమాడటం కూడా చేతకాదే నీకు!”

డోర్కస్ తల వంచుకుని తోముతూనే ఉంది.

“ఆవిడే మేడమ్,” అన్నాడు టోబియాస్ బయటికొచ్చాక. “అబద్ధమాడింది.”

“ఆడింది. ఎవరికోసమో చూడాలి.”

సాయంత్రం కొట్టు మూశాక హెస్టర్ అందరినీ వంటింట్లో కూర్చోబెట్టింది. కాడ్వెల్‌ను కూడా పిలిపించింది.

“తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి మిసెస్ స్కెల్టన్ మెడ దాటలేదు. లోపలికి ఎవరూ—”

డోర్కస్ లేచి నిలబడింది. “నేనేనమ్మా. ఉప్పు నేనే కలిపాను. పొద్దున్నే వెళ్ళిపోతాను. ఇంక ఆపెయ్యండి.”

“విన్నావా అత్తా!” అన్నాడు హ్యూబర్ట్.

“లోపలికి ఎలా వెళ్ళావు?” అని అడిగింది హెస్టర్.

డోర్కస్ చల్లగది తలుపు వైపు చూసింది.

“వెళ్ళలేదు. వెళ్ళడం కుదరలేదు కాబట్టే పై పాడైంది.” హెస్టర్ మిసెస్ స్కెల్టన్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. “మా ఆఫీసులో మీరు తాగిన టీలో పాలు పులిసిపోయాయి. మీకు తెలియలేదు కదూ?”

టోబియాస్ చెవులు వేడెక్కాయి.

మిసెస్ స్కెల్టన్ మెళ్ళోని తాళంచెవిని పట్టుకుంది. “జ్వరం తగ్గాక వాసనలు పోయాయి. ఏం తిన్నా చప్పగా ఉంటోంది. వయసనుకున్నాను. పైలు అందరూ మెచ్చుకుంటూనే ఉన్నారు కదా, చేతికేం కాలేదనుకున్నాను.”

“మీకు తెలియకుండానే మీ చెయ్యి ఉప్పు పెంచుతూ వచ్చింది. డోర్కస్ శనివారం మీరు లేవకముందే ఆ పెనంమీద మీరు కలిపిన మాంసం ఒక ముద్ద వేయించి రుచి చూసేది. ఉప్పు ఎక్కువైతే వట్టి మాంసం తరిగి కలిపి సరిచేసేది. ఇంట్లో మాంసం తగ్గితే మీరు గమనిస్తారని ఎదురు కొట్లో కొనేది. పెద్ద సంత ముందు రాత్రి మీరు చల్లగదికి తాళం వేశారు. సరిచేసే మనిషి బయట ఉండిపోయింది.”

“మరి చెప్పొచ్చుగా!” అన్నాడు హ్యూబర్ట్. గొంతులో మునుపటి జోరు లేదు.

“ఏమని చెప్పను బాబూ? మీ అత్తకి రుచి పోయిందనా? ఈ ఊళ్ళో ఆవిడ పేరంతా దాంట్లోనే ఉంది.”

కాడ్వెల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నిన్ను పంపించెయ్యబోయాను డోర్కస్,” అంది మిసెస్ స్కెల్టన్.

“పంపించలేదుగా అమ్మా.”

“రేపటి మాంసం నేను తరుగుతాను. ఉప్పు నువ్వెయ్యి. ఎవరైనా అడిగితే డోర్కస్ చేతి ఉప్పని చెబుతాను.” ఆమె పక్క కుర్చీ లాగింది. “ఇలా కూర్చో. మన పై ఎలా ఉంటుందో చెప్పు. నేను మర్చిపోతున్నాను.”

డోర్కస్ చేతులు తుడుచుకుని కూర్చుంది. “ముందు అంచు కరకరలాడుతుందమ్మా. తర్వాత మిరియం తగులుతుంది, కొంచెం ముక్కుకెక్కేలా.”

మిసెస్ స్కెల్టన్ కళ్ళు మూసుకుంది.

“ఊఁ,” అంది. “తర్వాత?”