ఇద్దరి ఆట, ఒక్క పేరు

నా రాతలో తప్పులుంటే మన్నించండి పిల్లలూ. అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. మెల్లగా రాస్తాను.

ఆ మధ్యాహ్నం నా మనవడు ఎస్కిల్ సోఫాలో కూర్చుని ట్యాబ్‌లో ఓడ ఆట ఆడుతున్నాడు. ఎన్నాళ్లుగానో తుఫాను దాటలేక ఓడిపోతున్నాడు. ఇప్పుడు ఒడ్డు కనిపిస్తోంది. ఉన్నట్టుండి ఆట మూతపడింది. మరో ట్యాబ్‌లో దాన్ని తెరిచారని తెర మీద వచ్చింది.

"తిరిల్ పనే," అన్నాడు పళ్లు బిగించి.

తిరిల్ పక్కింటి పిల్ల, వాడి క్లాసే. చలికాలంలో మా పిల్లలు బడి అయ్యాక రేవులో కాడ్ అనే పెద్ద సముద్రపు చేపల నాలుకలు కోసి, వేపుడుకి అమ్ముతారు. ఆ డబ్బులు కలిపి ఇద్దరూ ఈ ఆట కొన్నారు. కానీ కంపెనీ దాన్ని ఒక్కరి పేరు మీదే ఇస్తుంది. తిరిల్ పేరు మీద తీసుకున్నారు. ఇద్దరి ట్యాబ్‌లలోనూ ఉంటుంది గానీ, ఒకసారికి ఒకదానిలోనే నడుస్తుంది. ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు ఆగాలని ముందే మాట అనుకున్నారు.

మర్నాడు రేవులో ఎస్కిల్ ఎందుకలా చేశావని అడిగాడు.

"ఆట నా పేరు మీద ఉంది. నా ఇష్టం వచ్చినప్పుడు తెరుస్తా," అంది తిరిల్.

"డబ్బులు నేనూ ఇచ్చాను."

"అయితే వెళ్లి కంపెనీని అడుగు. నువ్వెవరో కూడా వాళ్లకి తెలీదు."

ఎస్కిల్ చేప తలల తొట్టి పక్కన మేకు దిగ్గొట్టిన చెక్క పలక నిలబెట్టాడు. తలను ఆ మేకుకి గుచ్చి, నాలుక కోస్తారు. పలక మా ఆయనది. తిరిల్‌కి సొంత పలక లేదు. రోజూ కాసేపు వాడు, కాసేపు తను.

తిరిల్ కత్తి పట్టుకుని దూరంగా నిలబడింది. ఈరోజు తనని రానివ్వడనే అనుకుంది.

ఎస్కిల్ బకెట్ నింపుకుని పక్కకు జరిగాడు.

"ఇది మా తాతది. దీని మీద నీ పేరెక్కడా లేదు," అన్నాడు. "రా, నీ వంతు."

తిరిల్ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని కోసింది.

సాయంత్రం తిరిల్ తన ఇంట్లో ట్యాబ్ తీసింది. ఆట మరో చోట నడుస్తోంది, ఇక్కడ తెరవాలా అని అడిగింది తెర. నిన్న 'అవును' నొక్కింది. ఈసారి 'వద్దు' నొక్కి, బూట్లు వేసుకుని, మంచులో మా ఇంటికి వచ్చింది.

ఎస్కిల్ తల ఎత్తకుండానే సోఫాలో కాస్త జరిగాడు. తిరిల్ పక్కన కూర్చుంది.

"పెద్ద అల వస్తోంది. ఎడమకి తిప్పు," అంది.

"తెలుసులే," అన్నాడు వాడు. ఎడమకే తిప్పాడు.

— బోర్గిల్డ్, డెబ్బై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉత్తరాన చలి సముద్రంలో ఉన్న లోఫోటెన్ దీవుల్లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.