సల్లగున్నరు

పిల్లలూ, మొన్న చిన్నదాని పుట్టినరోజుకు మన ఊరి కొమురవ్వ వీడియో కాల్‌లో చెయ్యెత్తి "సల్లగ" అని ఆగిపోయింది, గుర్తుందా? తర్వాత మాట మార్చి "మంచిగుండు బిడ్డా" అంది. ముసలావిడ మాట మరిచిపోయిందని మీరిద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఏమీ మరిచిపోలేదు. పదకొండేళ్ళుగా ఆ మాటను నోటిదాకా తెచ్చుకుని మింగేస్తోంది. ఎందుకో మీకెవరూ చెప్పలేదు. ఏడు నెలలు కిటికీలకు మంచు పట్టే ఈ ఊళ్ళో చెప్పే సందర్భం నాకూ రాలేదు. ఇందులో నేను కళ్ళారా చూసింది కొంతే. మిగతాది కొమురవ్వా, డాక్టర్ హైమా చెప్పింది. నా సొంతంగా ఏదీ కలపకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన ఊరు నల్లబండ. బొగ్గు గనులు మూతపడ్డా, తవ్వి వదిలేసిన గుంతలు మిగిలాయి, వాటి వేడి మిగిలింది. ఏప్రిల్ వచ్చిందంటే నలభై ఎనిమిది డిగ్రీలు. పన్నెండు దాటితే వీధిలో కుక్క కూడా కనిపించదు. బయటికి వెళ్ళే ప్రతి మనిషి జేబులో ఉల్లిగడ్డ ఉండేది. ఎవరికైనా కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినా అందరికీ ముందు తోచేది ఒక్కటే, వడదెబ్బ. గుండె సంగతి ఆఖరున తోచేది.

ఆ ఊరి ఆసుపత్రికి డాక్టర్ హైమ వచ్చింది. నాగపూర్‌లో పెరిగిన మనిషి. తెలుగు ఇంట్లో కొంత, పుస్తకాల్లో ఎక్కువ నేర్చుకుంది. ఎమర్జెన్సీకి వచ్చే గుండెపోటు రోగుల శరీర ఉష్ణోగ్రతను ఆమె నాలుగేళ్ళు కొలిచింది. చర్మం మీద కాదు, లోపలిది. అప్పుడు ఆమెకు ఒక విషయం తెలిసింది.

దాన్ని మీకు అర్థమయ్యేలా చెబుతాను. మన వాడకట్టులో నీళ్ళ మోటారు నీరసపడితే ముందుగా చివరి ఇంటి కొళాయి సన్నబడేది, తర్వాత మధ్య ఇళ్ళవి. ఒంట్లో వేడిని మోసుకుపోయేది రక్తం, దాన్ని తోసే మోటారు గుండె. అది నీరసపడితే ముందు పాదాలు, తర్వాత చేతులు, చివరికి లోపలి అవయవాలు కూడా చల్లబడతాయి. కొందరు నడుచుకుంటూ వస్తారు, మాట్లాడతారు, నొప్పి తగ్గిందంటారు. లోపల మాత్రం ముప్పై ఏడు ఉండాల్సింది ముప్పై అయిదున్నర డిగ్రీల కంటే దిగిపోయి ఉంటారు. హైమ లెక్కలో, అందరికంటే ముందు చనిపోతున్నది వాళ్ళే. చూసేవాళ్ళకు బాగున్నట్టే కనిపిస్తారు కాబట్టి బెంచీ మీద వాళ్ళే ఆఖరున మిగిలిపోతున్నారు.

ఆమె తోరణం కట్టింది అందుకే. యంత్రానికి అసలు పేరు పొడుగ్గా ఉండేది, ఊరంతా తోరణమనే పిలిచింది. ఎమర్జెన్సీ హాలు గుమ్మానికి తెల్లటి కమాను. ప్రతి శరీరమూ లోపలి నుంచి కంటికి కనిపించని సన్నటి మైక్రోవేవ్‌లను వదులుతుంది. కమాను వాటిని ఆరు సెకన్లు విని, లోపలి ఉష్ణోగ్రతను పదో వంతు డిగ్రీ దాకా చెబుతుంది. నేల మీది రెండు ఇత్తడి పలకలు పాదాల నుంచి ఇసిజి తీసుకుంటాయి. అందుకని చెప్పులు విడిచి నిలబడాలి. గుడి ముందు విడిచినట్టే జనం విడిచేవారు. కొందరు కమానును తాకి కళ్ళకద్దుకునేవారు కూడా.

తోరణం మాట్లాడుతుంది. మొదట్లో "ప్రమాదం" అనే మాట పెట్టారు. అది విని ఒకాయన అక్కడికక్కడే కూలిపోయాడు. ఆసుపత్రి కమిటీ కూర్చుని, భయపెట్టే మాట వద్దు, ఉన్న సంగతి చెబితే చాలు అంది. కాగితం మీద మూడు మాటలు రాశారు. వడదెబ్బ అయితే "వేడిగా ఉన్నారు". మామూలుగా ఉంటే "సమంగా ఉన్నారు". గుండె నీరసించి లోపల చల్లబడితే "చల్లగా ఉన్నారు", దానితో పాటే ఎడమ పక్క నీలం తలుపు తెరుచుకుంటుంది. అందులోంచి నేరుగా లిఫ్టు, పైన గుండె రక్తనాళాలు తెరిచే క్యాత్ ల్యాబ్. కాగితం మీద ఆ మాటలు ఎవరికీ తప్పుగా కనిపించలేదు.

గొంతు ఊరివాళ్ళదై ఉండాలన్నారు. వార్డు ఆయాగా చేసే కొమురవ్వను పిలిచారు. ఆమె తన యాసలోనే చదివింది. "ఏడిగున్నరు." "సమంగున్నరు." "సల్లగున్నరు."

మూడోది చదివాక కాగితం దించి అడిగింది. "ఇది అందరికీ అంటదా డాక్టరమ్మా?"

"లేదు. కొంతమందికే."

"అదృష్టవంతులు," అంది కొమురవ్వ.

రికార్డింగ్ కుర్రాడు నవ్వాడు. హైమ తన కాగితంలోంచి తలెత్తకుండానే, "ఇంకోసారి, కొంచెం నిదానంగా" అంది.

ఏప్రిల్ నుంచి మే నెలాఖరుకి నీలం తలుపు ముప్పై ఒక్కసారి తెరుచుకుంది. పైకి చేరినవాళ్ళు ఇరవై నలుగురు. మిగిలిన ఏడుగురు తోరణానికీ లిఫ్టుకీ మధ్య పదడుగుల్లో మాయమయ్యారు. వాళ్ళలో నలుగురు ఇళ్ళలో చనిపోయారని వాకబు చేస్తే తెలిసింది. హైమ యంత్రాన్ని రెండుసార్లు విప్పి చూసింది, తప్పేమీ లేదు. మరి తప్పు మనుషుల్లోనే ఉండాలి కదా. ఏడుగురూ మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య వచ్చినవాళ్ళే. నర్సులు భోజనానికి వెళ్ళే వేళ అది, చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు ఉండరు. బయటి గేటు దగ్గర ఓదెలు కాపలా ఉండే వేళ కూడా అదే.

ఓదెలు పద్నాలుగేళ్ళుగా అక్కడ గార్డు. గనిలో పనిచేసిన మనిషి, మాటకారి. ఆసుపత్రికి ఎదురుగా ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ వెలిసింది. రోగులను అటు మళ్ళిస్తున్నాడేమోనని హైమకు అనుమానం. ఒకరోజు గేటు దగ్గరికి వెళ్ళి అడిగింది.

"పోయిన మంగళవారం ఒక పెద్దాయన భార్యతో వచ్చాడు. తెల్ల పంచె. గుర్తున్నాడా?"

"గుర్తున్నడు మేడం. వచ్చేటప్పుడు ఆమె మీద ఒరిగి వచ్చిండు. పోయేటప్పుడు సక్కగ నడుసుకుంట పోయిండు."

"ఎక్కడికి?"

"ఇంటికే. నేనే ఆటో ఎక్కిచ్చిన. ఎండల ముసలోళ్ళను నిలబెడ్తమా?"

"నువ్వే ఎక్కించావు."

"నేనే."

"వెళ్ళిపోతుంటే ఆపలేదా?"

"నవ్వుకుంట పోతున్నోళ్ళను ఎందుకు ఆపుత మేడం?" అన్నాడు ఓదెలు. "ఆమె నాకు దండం గూడ పెట్టింది. అందరూ గట్లనే పోయిన్రు, నవ్వుకుంట."

గుండెపోటు వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళారట. ఇంత తేలిగ్గా అబద్ధం ఆడేవాణ్ణి తను చూడలేదని హైమ ఆ రోజు డైరీలో రాసుకుంది. ఆ పేజీ నాకు తర్వాత ఆమే చూపించింది.

అప్పటి నుంచి ఆమె అందర్నీ అనుమానంగా చూసింది. లిఫ్టు ఆపరేటర్‌ను, నర్సులను, ఆటోవాళ్ళను. కొమురవ్వ ఓదెలుకు మజ్జిగ ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడితే, ఏం మాట్లాడావని ఆరా తీసింది.

"ఉప్పు తక్కువైందన్నడు," అంది కొమురవ్వ. "గది గూడ రాసుకుంటవా డాక్టరమ్మా?"

జూన్ మొదటి సోమవారం రెండు గంటలకు హైమ ఓదెలును తన గదికి పిలిపించింది. ఆమె గది హాలుకు ఆనుకునే ఉంటుంది, తలుపు తీస్తే తోరణం కనిపిస్తుంది. ఓదెలు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. బల్ల మీద సూపరింటెండెంట్ సంతకం పెట్టిన కాగితం ఉంది.

"నేను అడిగేది చివరిసారి," అంది హైమ. "ఆ ఏడుగురికీ నువ్వేం చెప్పి పంపించావు?"

"నేనేం చెప్పలే మేడం. నేను చెప్పుడెందుకు, అంతా తోరణమే చెప్పె గద."

"తోరణం లోపలికి రమ్మని చెబుతుంది. బయటికి పొమ్మని కాదు."

గదిలో ఏసీ ఇరవై రెండు మీద ఉంది. ఓదెలు నుదుటి మీద చెమట ముత్యాల్లా పోసింది. మొహం పాలిపోయింది. ఎడమ భుజాన్ని కుడిచేత్తో రుద్దుకుంటున్నాడు. హైమ అదంతా చూసింది. నేరం చేసినవాడికి చల్లటి గదిలోనూ చెమట పడుతుందని అనుకుంది. ఇరవయ్యేళ్ళుగా గుండె వైద్యం చేస్తున్న మనిషి, పిల్లలూ. కళ్ళెదుట కనిపించేది ఏమిటో అనుమానం ఆమెను చూడనివ్వలేదు.

"బ్యాడ్జి ఇచ్చేయి. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఓదెలు మెడలోంచి బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాడు. "పద్నాలుగేండ్లల ఒక్క రోగిని పొమ్మనలే నేను," అన్నాడు మెల్లగా. వెనక్కి తిరిగి నడిచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

అతను నర్సింగ్ హోమ్ వైపు వెళతాడా, ఎవరికైనా ఫోన్ చేస్తాడా అని హైమ తలుపు దగ్గర నిలబడి గమనిస్తోంది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. సిబ్బంది రోజుకు వందసార్లు తిరుగుతారు కాబట్టి, మెడలో బ్యాడ్జి ఉన్నవాళ్ళ విషయంలో తోరణం నోరు విప్పదు. పెట్టిన రోజు నుంచీ ఓదెలు ఎన్నిసార్లు దాని కింద నడిచాడో, ఒక్కసారీ అది అతనితో మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం బ్యాడ్జి లేదు. కాళ్ళకు చెప్పులు లేవు. కమాను కింద ఆయాసం వచ్చి, రెండు పాదాలూ ఇత్తడి పలకల మీద ఆన్చి నిలబడిపోయాడు.

ఆరు సెకన్లు.

"సల్లగున్నరు," అంది తోరణం కొమురవ్వ గొంతుతో, నిదానంగా.

ఎడమ పక్క నీలం తలుపు తెరుచుకుంది. ఓదెలు అటు చూడనే లేదు. తలెత్తి కమానును చూశాడు. మొహం విప్పారింది. రెండు చేతులూ జోడించి దండం పెట్టి, నవ్వుకుంటూ ఎండలోకి నడిచాడు.

హైమ ఆ నవ్వు చూసింది. అందరూ నవ్వుకుంటూ పోయారని అతను చెప్పింది ఇదేనని అప్పుడు తట్టింది. తర్వాత పరిగెత్తింది.

ఆటో స్టాండు దగ్గర అతన్ని అందుకుని మణికట్టు పట్టుకుంది. బయట నలభై ఎనిమిది డిగ్రీలు, ఆ చెయ్యి మాత్రం కుండలో నీళ్ళలా ఉంది.

"విన్నరా మేడం?" అన్నాడు ఓదెలు. "మీరు తప్పు చేసినవన్నరు. అది మాత్రం సల్లగుండుమని దీవించింది. ఇగ నాకేం ఫికర్ లేదు, ఇంటికి పోత."

"అది దీవెన కాదు ఓదెలూ. నీ గుండె ఆగిపోతోందని చెప్పింది."

"మా కొమురక్క గొంతు మేడం అది," అన్నాడు అతను ఓపిగ్గా, తెలియని మనిషికి చెప్పినట్టు. "ఆమె ఎందుకంటది గట్ల?" అంటూనే ఆటో కడ్డీ పట్టుకుని కూర్చుండిపోయాడు.

స్ట్రెచర్ కోసం ఆగకుండా ఆటోలోనే గుమ్మం దాకా తెచ్చారు. లోపలి ఉష్ణోగ్రత ముప్పై అయిదూ పాయింట్ రెండు. ఓదెలు బతికాడు. నెలన్నరకు మళ్ళీ గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. హైమ అతని దగ్గరికి వెళ్ళి అందరి ముందూ క్షమించమని అడిగింది. "మీరు తిట్టిన్రు, మిషను దీవించింది," అన్నాడట. "ఇద్దరు చెప్పింది తప్పే. గని జీవితంల ఇంత ఆగం గాలే నేను."

తోరణం మాట మార్చారు. ఇప్పుడది "వెంటనే లోపలికి రండి" అంటుంది. ఒక మగ గొంతు, ఎక్కడివాడో. నీలం తలుపు తెరుచుకుంటే పైకి చేరనివాళ్ళు ఎవరూ లేరు. ఆ లెక్క నేను అడిగి మరీ తెలుసుకున్నాను. యంత్రం మంచిది. దాని వల్ల బతికినవాళ్ళు ఇప్పుడు వందల్లో ఉన్నారు.

ఊళ్ళో మాత్రం ఒక మాట పోయింది. ఆ వర్షాకాలం మన వీధిలో జరిగిన పెళ్ళికి నేనూ వెళ్ళాను. వధూవరులు కాళ్ళకు మొక్కితే పెద్దవాళ్ళు అక్షింతలు చేతిలో పట్టుకుని, నోరు తెరిచి, ఆగిపోయారు. అందరికీ ఒకే మాట నోటికొచ్చింది, అందరికీ ఒకే తోరణం గుర్తొచ్చింది. చివరికి ఎవరో "మంచిగుండున్రి" అన్నారు. అప్పట్నుంచి నల్లబండలో ఎవరూ ఎవర్నీ చల్లగా ఉండమని దీవించరు. పొరపాటున ఎవరైనా అంటే చెంపలేసుకుంటారు. దుప్పట్లో దూరినా వణికే ఈ ఊళ్ళో పుట్టిన మీకు, చల్లగా ఉండమనడం దీవెన ఎలా అవుతుందో తెలియదు. నలభై ఎనిమిది డిగ్రీల్లో బతికినవాళ్ళకు అంతకంటే పెద్ద కోరిక లేదు.

కొమురవ్వ నాతో ఒకసారి అంది. "ఆ నలుగురిని ఇంటికి పంపింది నా నోరే బిడ్డా." కాదని ఎంత చెప్పినా వినలేదు. అందుకే మొన్న ఆగింది.

ఈసారి ఆమె ఫోన్ చేసినప్పుడు, ఆమె కంటే ముందు మీరే అనండి, "సల్లగుండు అవ్వా" అని. ఏడుస్తుందేమో, కంగారుపడకండి. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళకూ ఈ కథ చెప్పండి, ఆ మాటతో వాళ్ళను దీవించండి. కానీ ఒకటి, ఇది కూడా విడవకుండా చెప్పండి. ఎవరైనా ఛాతీ పట్టేసిందంటే ముందు చెయ్యి పట్టుకుని చూడాలి. ఆ చెయ్యి చల్లగా ఉంటే, ఎంత నవ్వుతున్నా సరే, ఇంటికి పంపకూడదు.