రెండు అరల పెట్టె

ఆ పెట్టె కొనడానికి వెళ్లిన రోజు నేను షాపులో నిలబడే కాసేపు నిద్రపోయాను. అబద్ధం కాదు. షాపాయన ఏదో వివరిస్తుంటే కళ్లు తెరిచే ఉన్నాయి, బుర్ర మాత్రం ఎటో వెళ్లిపోయింది. మా ఆయన మోచేత్తో పొడిస్తే మళ్లీ ఈ లోకంలో పడ్డాను.

నేను ఇంట్లో కూర్చుని ఒక ఆసుపత్రికి టైపు పని చేస్తాను. అక్కడి డాక్టర్లు రోగిని చూశాక రిపోర్టు చేత్తో రాయరు, నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ రికార్డులు నాకు పంపిస్తారు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్ తొక్కితే గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. విన్నది విన్నట్టు కొట్టాలి. ఏళ్ల తరబడి ఇదే పని. పక్క గదిలో మా అత్తయ్య మంచం. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆవిడ లేచి నడిచింది లేదు. ఏదైనా కావాలంటే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడుతుంది. ఆ చప్పుడు వినబడాలని నేను హెడ్‌ఫోన్‌ని ఒక చెవి మీంచి పక్కకి జరిపి పెట్టుకుంటాను. ఒక చెవిలో ఊళ్లోవాళ్ల రోగాలు, ఇంకో చెవిలో గ్లాసు. నా రోజంతా ఈ రెండు చెవుల మధ్యే గడిచిపోతుంది.

క్రితం నెలలో, పనంతా దాచుకునే నా పాత కంప్యూటర్ డిస్క్ చెప్పాపెట్టకుండా చచ్చిపోయింది. వారం రోజుల పని గల్లంతు. ఆసుపత్రి మేనేజరమ్మ ఫోన్లో అరవలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. "ఇంకోసారి ఇలా అయితే మేం వేరేవాళ్లని చూసుకోవాలండీ" అని మెల్లగా చెప్పింది. మా ఆయన బస్సు డ్రైవరు. ఒక్క జీతంతో, మంచం మీద ఉన్న మనిషితో ఇల్లు నడవదు.

ఆ డిస్క్‌తో పాటు కామా డాక్టరు గొంతు కూడా పోయింది. టైపు చేసేవాళ్లం అందరం ఆయనకి పెట్టుకున్న పేరు అది. రిపోర్టు చెబుతూ ప్రతి కామా, ప్రతి ఫుల్‌స్టాప్ పైకి పలికేవారు. ఒకసారి మధ్యలో తుమ్మి, దానికీ ఫుల్‌స్టాప్ చెప్పారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. కానీ ఎంత అలిసిపోయి ఉన్నారో, ఏ రోజు భోజనం మానేశారో ఆ ఊపిరి వింటే తెలిసిపోయేది. ఆయన పోవడం కూడా రిపోర్టు చెబుతూనే పోయారు, తన బల్ల దగ్గరే. సగంలో ఆగిన ఆ రికార్డు నాకే వచ్చింది. చివరి మాట "కామా". ఆ తర్వాత చాలాసేపు గదిలో ఫ్యాను తిరుగుతున్న శబ్దం. అంతే.

సరే, షాపు సంగతి. షాపాయన పెద్ద వయసు మనిషి, తొందర లేని మనిషి.

"ఇంటికా, ఆఫీసుకా?" అని అడిగాడు.

"ఇల్లే ఆఫీసండీ" అన్నాను.

మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. మూడూ నల్లగా, అరచేతి ఎత్తున ఉన్నాయి. "ఇది ఒక అరది. చవక. కానీ లోపల డిస్క్ పోయిందంటే అన్నీ పోయినట్టే. ఇది రెండు అరలది. ఒక డిస్క్‌లో పడింది రెండోదాంట్లో కూడా దానంతట అదే రాసుకుంటుంది. ఒకటి చచ్చినా ఇంకొకటి బతికి ఉంటుంది. ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా తెరుచుకోవచ్చు."

మా ఆయన నాలుగు అరల పెట్టెని తిప్పి చూస్తున్నారు. షాపాయన దాన్ని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. "ఇది మీకు వద్దు. ఇద్దరు ఎక్కడానికి బస్సు కొన్నట్టు ఉంటుంది."

మా ఆయన ఆ రోజు మొత్తంలో అప్పుడొక్కసారే నవ్వారు.

"చప్పుడు చేస్తుందా?" అని నేను అడిగాను. నాకు కావలసింది అదొక్కటే.

"పెట్టె చప్పుడు చేయదమ్మా. లోపల డిస్కులు తిరుగుతాయి, గోటితో గీకినట్టు చిన్న శబ్దం వస్తుంది. ఉత్త చెక్క మీద పెట్టకండి, కింద మెత్తటి గుడ్డ వేయండి."

రెండు అరలదే తీసుకున్నాం. దానికి సరిపోయే డిస్కులు షాపులో లేవు, సోమవారం ఇంటికి పంపిస్తానన్నాడు. ఖాళీ పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాం. మా ఆయన దాన్ని నా బల్ల పక్కన షెల్ఫ్‌లో, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టి ప్లగ్గు పెట్టారు. ముందర చిన్న పచ్చ దీపం వెలిగింది. "బాగానే ఉంది, డిస్కులు రానీ" అని అలాగే వదిలేసి పడుకున్నారు.

మర్నాడు ఆదివారం. ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు. మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. నేను అత్తయ్య దుప్పట్లు మారుస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఆ గదిలో మగమనిషి ఎవరు?"

"ఎవరూ లేరత్తయ్యా. మీ అబ్బాయి డ్యూటీలో ఉన్నారు."

"వాడు కాదులే. వాడి గొంతు నాకు తెలియదా. ఎవరో గొణుగుతున్నాడు."

వాన చప్పుడై ఉంటుందన్నాను. నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. అప్పుడు నాకూ వినిపించింది. గొంతు కాదు. గోటితో గీకినట్టు... ఆగి... మళ్లీ గీకినట్టు. షాపాయన చెప్పినట్టే డిస్క్ తిరుగుతున్న చప్పుడు. పచ్చ దీపం గబగబా మిణుకుతోంది, ఏదో రాసుకుంటున్నట్టు.

లోపల డిస్కులు లేవన్న సంగతి గుర్తొచ్చి అరలు బయటికి లాగాను. రెండూ ఖాళీ. చప్పుడు ఆగిపోయింది. అరలు లోపలికి తోశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ మొదలైంది.

గదిలో స్పిరిట్ వాసన వేసింది. అత్తయ్య వీపు మీది పుండుకి నేనే రోజూ స్పిరిట్‌తో తుడుస్తాను, నా చేతులకే అంటి ఉంటుందనుకున్నాను. ప్లగ్గు పీకేశాను. దీపం ఆరిపోయింది. చప్పుడు వెంటనే ఆగలేదు... ఒక వాక్యం పూర్తి చేసుకునేంతసేపు ఉండి, అప్పుడు ఆగింది.

భయపడాల్సిన సమయమే. కానీ భయపడటానికి కూడా కొంత ఓపిక కావాలి. వంటింట్లో గిన్నెలున్నాయి. వెళ్లి తోముకున్నాను.

సోమవారం పొద్దున డిస్కులు వచ్చాయి. సీలు విప్పని కొత్త డిస్కులు. మా ఆయన డ్యూటీకి వెళ్లేముందు వాటిని అరల్లో బిగించి, కంప్యూటర్‌లో ఏవో నొక్కారు. "డిస్కుల్లో ఉన్నదంతా చెరిపేస్తుందట, సరేనా అని అడుగుతోంది" అన్నారు. "వాటిలో ఏముంది చెరపడానికి, సరేననండి" అన్నాను. ఆయన వెళ్లిపోయారు. పెట్టె కొత్త డిస్కులతో పని మొదలుపెట్టింది. ఈసారి చప్పుడు వస్తే నాకు ఊరటగా అనిపించింది. ఉండవలసిన చప్పుడు కదా.

సాయంత్రానికి వాన బాగా పెరిగింది. ఇంకా చీకటి పడాల్సిన వేళ కాదు, అయినా లైటు వేసుకోవాల్సి వచ్చింది. అత్తయ్యకి పాలు తాగించి వచ్చి, పని మొదలుపెడదామని కంప్యూటర్‌లో పెట్టెని తెరిచాను. లోపల ఒక ఫోల్డర్ ఉంది. అందులో ఒకే ఒక్క రికార్డు. ఆసుపత్రి నుంచి వచ్చింది పొరపాటున ఇందులో పడిందేమో అనుకున్నాను. ఇంకేం ఆలోచించలేదు. రేకుల మీద వాన మోతకి ఏమీ వినబడేలా లేదని, ఆ ఒక్క రోజు, హెడ్‌ఫోన్ రెండు చెవుల మీదా పెట్టుకున్నాను. పెడల్ తొక్కాను.

గొంతు వినిపిస్తే నా వేళ్లు కదులుతాయి. అలవాటు అలాంటిది. మనసు ఎక్కడో ఉంటుంది, వేళ్లు పని చేసుకుపోతాయి.

"రోగి స్త్రీ, కామా, వయసు డెబ్బై నాలుగు, ఫుల్‌స్టాప్. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన మనిషి, ఫుల్‌స్టాప్."

కొట్టాను. పాపం, మా అత్తయ్యలాగే ఉంది అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

"సాయంత్రం పాలు తాగిన కాసేపటికి, కామా, ఊపిరి అందడం మానేసింది, ఫుల్‌స్టాప్. రోగి కోడలిని పిలిచింది, ఫుల్‌స్టాప్."

కొట్టాను.

"కోడలు పక్క గదిలోనే ఉంది, ఫుల్‌స్టాప్. రెండు చెవులూ మూసుకుని, కామా, నా మాటలు టైపు చేస్తోంది..."

'నా మాటలు టైపు చేస్తోంది' అని తెర మీద పడ్డాక గానీ నా వేళ్లు ఆగలేదు.

ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసింది. ఆ అలసట నాకు బాగా తెలుసు. పెడల్ మీంచి కాలు తీసేశాను.

కాలు తీస్తే గొంతు ఆగాలి.

ఆగలేదు.

"ఇంకా టైపు చేస్తోంది, కామా... ఇంకా వినబడలేదు, కామా..."

హెడ్‌ఫోన్లు లాగి పారేసి పరుగెత్తాను.

అత్తయ్య మంచం అంచుకి జారిపోయి ఉంది. పెదాలు నీలంగా మారాయి. నోరు తెరిచి ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. గ్లాసు మంచం కింద దొర్లి ఉంది. చెంచా మాత్రం కిటికీ గట్టు మీద ఉంది, జాగ్రత్తగా బోర్లించి. ఆ కిటికీ ఆవిడ చేతికి అందదు. నేనక్కడ పెట్టలేదు. కానీ అదంతా నాకు తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు నేను చేసిందల్లా ఆవిడని నా ఒడిలోకి లాగి కూర్చోబెట్టి, అంబులెన్సుకి ఫోన్ చేయడం, వాళ్లు వచ్చేదాకా వీపు రాస్తూ "ఊపిరి తీసుకో అత్తయ్యా, తీసుకో" అని జపం చేసినట్టు అనడం.

బతికింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. "ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. సమయానికి చూశారు" అన్నాడు కుర్ర డాక్టరు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని మా ఆయనకి జరిగింది చెప్పాను. గొంతు తగ్గించే చెప్పాను, చుట్టూ రోగుల తాలూకు మనుషులే కూర్చుని ఉన్నారు. ఆయన నవ్వలేదు. యూనిఫాం బొత్తాన్ని తిప్పుకుంటూ అడిగారు:

"తీసేద్దామా దాన్ని?"

"ఎందుకండీ. అత్తయ్య ప్రాణం నిలబెట్టింది కదా. పాపం, ఆయన పోయి కూడా డ్యూటీ మానలేదు" అన్నాను. అలా అంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఆయన మాటలు టైపు చేశాను, ఆ రుణం ఇలా తీర్చుకున్నారనిపించింది. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రి కుర్చీలో కూర్చునే నిద్రపోయాను. ఎన్నాళ్లకో అంత మంచి నిద్ర.

ఇంటికి తెచ్చిన మర్నాడు ఎండ కాసింది. కిటికీలు తీసి, అత్తయ్యని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు తినిపిస్తున్నాను. ఆవిడ నాలుగు ముద్దలు తిని నా వైపు చూసింది.

"ఆ రోజు పిలిస్తే రాలేదని నువ్వు బాధపడుతున్నావేమో. నీ తప్పేం లేదమ్మాయ్. నన్ను పిలవనిస్తేగా ఆయన."

"ఎవరత్తయ్యా?"

"మీ డాక్టరు. ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడు." మంచం అంచు తట్టింది. "చెంచా నా చేతిలోంచి తీసి కిటికీలో పెట్టాడు. అమ్మాయి రాసుకుంటోంది, గోల చేయకండి, సగంలో ఆపితే ఎంత కష్టమో మీకు తెలియదు అన్నాడు. ఇంకెంతో లేదు, అయిపోవచ్చింది అన్నాడు."

నేను చెంచాతో ఇంకో ముద్ద తీశాను.

"నువ్వు పరుగెత్తుకొచ్చేసరికి మొహం మాడ్చుకున్నాడు. తిట్టలేదులే. మర్యాదస్తుడే. ఎంత అలిసిపోయి ఉన్నాడో మనిషి... అచ్చం నీలాగే." బ్రెడ్డు కోసం నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చి మూసింది. "అన్నట్టు, రాత్రి వచ్చి నీ వయసెంత అని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. కనుక్కుని చెబుతానన్నాను. నీకెన్నేళ్లమ్మా ఇప్పుడు?"

"తినండత్తయ్యా" అన్నాను.

మా ఆయనతో మాత్రం పెట్టె చప్పుడు ఎక్కువ చేస్తోంది, పని సాగడం లేదు అని చెప్పాను. ఆయన ఆ రోజే దాన్ని డిస్కులతో సహా షాపులో ఇచ్చేసి వచ్చారు. అత్తయ్య చెప్పింది ఆయనకి చెప్పలేదు. కన్నతల్లి గురించి, ఈ వయసులో, ఏమని చెప్పను? ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే అడిగేది. నేను రోజూ మాట మార్చేదాన్ని. దుప్పటి సర్దుతూ, మందులు లెక్కపెడుతూ, వినబడనట్టు నటిస్తూ. రెండు వారాలు అలాగే నెట్టుకొచ్చాను.

నిన్న సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, తల్లి దగ్గర కాసేపు కూర్చుని, వంటింట్లోకి వచ్చారు. మంచినీళ్లు తాగుతూ అన్నారు:

"అమ్మ ఇవాళ హుషారుగా ఉంది. నీ వయసు అడిగింది. నలభై ఆరని చెప్పాను. ఎందుకో తెగ సంబరపడిపోయింది."

నేను కూరగాయలు తరగడం ఆపాను.

"ఆ తర్వాత గోడ వైపు తిరిగింది" అన్నారు ఆయన, గ్లాసు కడిగి బోర్లిస్తూ. "పక్కన ఎవరికో చెవి సరిగ్గా వినబడనట్టు, ఆ మాటే రెండోసారి గట్టిగా చెప్పింది."