యేసుకుమార్ తాలూకు

"కళ్లు పచ్చబడ్డాయాండీ?"

"లేదండీ."

"జ్వరం?"

"లేదండీ. బాగున్నానండీ."

"పొట్ట ఉబ్బరంగా..."

"అబ్బ! బాగున్నానని చెబుతున్నానా! ఎన్నిసార్లు అడుగుతారండీ?"

ఫోన్లో అవతలి గొంతు ఆ విసుగు పట్టించుకోలేదు. "మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. కుడి భుజం నొప్పిగా ఉందా?"

యేసుకుమార్ ఎడమ చెయ్యి ఆ భుజం మీదికి వెళ్లింది. రెండు రోజులుగా ఉంది. అమ్మకు కూడా చెప్పలేదు.

పామర్రులో వరికోత యంత్రాలు బాగుచేసే యేసుకుమార్‌కు ముప్పై ఒకటో ఏట లివర్‌లో క్యాన్సర్ గడ్డ బయటపడింది. మందు చుక్క ముట్టిన మనిషి కాదు. ఎప్పుడు ఒంట్లో చేరిందో తెలియని హెపటైటిస్ బి చేసిన పని అన్నారు. విజయవాడలో ఆపరేషన్ చేసి, గడ్డతో పాటు కొంత లివర్ తీసేశారు. ఇంటికొచ్చిన పదో రోజు వచ్చిన ఫోన్ ఇది. చేసింది వినీల. ఆపరేషన్ అయినవాళ్లను అయిదేళ్లపాటు కనిపెట్టుకుని ఉండడమే ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం.

ఎలా ఉన్నారని ఎవరడిగినా బాగున్నామనేయడం మనవాళ్లకున్న జబ్బు. ఆ జబ్బు సంగతి వినీలకు బాగా తెలుసు.

"వెంటనే కారు మాట్లాడుకుని వచ్చేయండి," అంది.

కోసిన చోట పైత్యరసం కారి లోపల నిలిచిందట. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పి, గొట్టం వేసి తీశారు. "యేసుకుమార్ తాలూకు ఎవరండీ?" అని నర్సు కేకేసినప్పుడల్లా తల్లి దానమ్మ చెయ్యెత్తుతూ లేచేది. అతని తాలూకు మనిషి ఆమె ఒక్కతే.

ఆ తర్వాత మూడు నెలలకోసారి స్కాను, రక్తపరీక్ష, మధ్యలో ఫోన్లు. రెండు నిమిషాల ఫోన్లు ఇరవై నిమిషాలయ్యాయి.

"పొద్దున ఏం తిన్నారు?"

"నాలుగు ఇడ్లీలండీ. రాసుకోండి. అందులో ఒకటి పిల్లికి వేశాను."

"అయితే మూడే రాస్తాను," అని నవ్వేది.

ఒకసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆమె బల్ల ముందు కూర్చుని అడిగేశాడు. "మిషన్‌కు కొత్త బేరింగ్ వేస్తే ఎన్ని సీజన్లు వస్తుందో నేను చూసి చెబుతానండీ. నాకెన్ని సీజన్లో మీ కంప్యూటర్ చెబుతుందట కదా."

"డాక్టరుగారు చెప్పలేదా?"

"ఇంగ్లీషులో చెప్పారు. మీరు తెలుగులో చెప్పండి."

వినీల తల వంచుకుని చెప్పింది. "గడ్డ సైజు, అది రక్తనాళాల్లోకి పాకిందా లేదా, మిగిలిన లివర్ ఎలా ఉందీ, ఇవన్నీ వేసి చూస్తారు. మీలాంటివాళ్లు పది మందిలో ఆరుగురు అయిదేళ్లు దాటుతారు. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే."

"నేను ఆరుగురిలోనా, నలుగురిలోనా?"

"అది ఏ లెక్కకూ తెలియదండీ."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను చూశాడు. ఈ పిల్లంటే తనకు ప్రాణమని ఆ నిమిషాన తెలిసింది. ఆ మాట ఎప్పటికీ చెప్పకూడదని కూడా అప్పుడే అనుకున్నాడు.

ఏడాది స్కాను బాగుందన్న రోజున జోరున వాన. ఇద్దరూ ఒకే బస్టాపులో చిక్కుకున్నారు.

"మా అమ్మ సంబంధాలు చూస్తానంటోందండీ."

"చూడనివ్వండి."

"రేపెలా ఉంటానో తెలియనివాడికి పిల్లనెవరిస్తారు? ఎవరైనా వస్తానన్నా నేనే వద్దంటాను."

వినీల గొడుగు విప్పింది. "వచ్చేవాళ్ల మాట వినకుండానేనా?" అని, వెనక్కి చూడకుండా భవానీపురం బస్సెక్కేసింది.

పదిహేనో నెల స్కాను తీయించుకుని వచ్చాక ఫోన్ మోగింది. వేరే గొంతు.

"ఆసుపత్రి నుంచి సుస్మితనండీ. ఇకమీదట మీ ఫైలు నేను చూస్తాను. వినీల తనకు వద్దని రాసిచ్చేసింది."

యేసుకుమార్ ఫోన్ పెట్టేశాడు. వినీల రిపోర్టు చూసే ఉంటుంది. నోటితో చెప్పలేక తప్పుకుంది. క్యాన్సర్ తిరగబెట్టిందన్న భయం పెద్దదో, ఆమె ఇక ఫోన్ చేయదన్న బాధ పెద్దదో అతనికే తెలియలేదు.

మర్నాడు తల్లితో రిపోర్టు కోసం వెళ్లేసరికి, పేషెంట్ల తాలూకు వాళ్లు కూర్చునే కుర్చీల్లో వినీల కూర్చుని ఉంది.

"డ్యూటీ లేదా?"

"సెలవు పెట్టాను."

"రిపోర్టు చూసే కదా తప్పుకున్నారు? ఏముందో చెప్పేయండి."

"చూడలేదండీ. చూసే వీల్లేదు నాకు."

"ఎందుకని?"

"ఇంటివాళ్ల ఫైలు మేం చూడకూడదు. రూల్."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. దానమ్మకు వెంటనే అర్థమైంది.

"నేను ఆ నలుగురిలో ఉంటే?" అన్నాడు యేసుకుమార్.

"ఆ లెక్క మీకు తెలుగులో చెప్పింది నేనే కదా. తెలిసే వచ్చాను. ఇప్పుడు చెప్పండి, వద్దంటారా?"

మూడు నెలలుగా నూరిపెట్టుకున్న ఆ ఒక్క మాటా నోట్లోంచి రాలేదు. "అనలేనండీ," అన్నాడు.

వినీల అతని చెయ్యి పట్టుకుంది. "ఎలా ఉన్నారు?"

"భయంగా ఉంది."

"నాకూను."

లోపలి తలుపు తెరుచుకుంది. "యేసుకుమార్ తాలూకు ఎవరండీ?"

దానమ్మ అలవాటుగా చెయ్యెత్తి సగం లేచింది. పక్కన వినీల అప్పటికే లేచి నిలబడి ఉంది. దానమ్మ ఆమెను ఒకసారి ఆపాదమస్తకం చూసి, చెయ్యి దించుకుని, మెల్లగా మళ్లీ కూర్చుంది.

"వెళ్లమ్మా," అంది.