వాన పడని గది

నాగులమ్మ మెట్లెక్కి వచ్చేసరికి నాగేష్ ఇంకా ఆఫీసు కిటికీలు తెరుస్తున్నాడు. ప్రొద్దుటూరులో గాజుల దుకాణం మీద ఉన్న ఆ రెండు గదులకు పొద్దున్నే ఎవరూ రారు. వచ్చిన మనిషి కాళ్లకు చెప్పుల్లేవు. కుర్చీ చూపిస్తే కూచోలేదు.

"డిటెక్టివ్ పని చేసే ఆయమ్మ యాడుంది?" అనడిగింది.

లోపలి గదిలోంచి మైమూన్ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, బిగించి కట్టిన నూలు చీరలో ఉంది. పోలీసు వేలిముద్రల విభాగంలో చాలాకాలం పనిచేసి, తనంతట తానే మానుకుని ఈ ఆఫీసు పెట్టింది. లా చదివి కోర్టుకు పోవాల్సిన నాగేష్ ఆమె పని చేసే తీరు ఒక్కసారి చూసి ఇక్కడే ఉండిపోయాడు.

"కూచోమ్మా. ముందు మంచినీళ్లు తాగు," అంది మైమూన్.

"నీళ్లొద్దమ్మా. మా ఆయన మునెయ్యను పోలీసోళ్లు తీసకపోయినారు. జమ్మలమడుగు దగ్గర 'ఖాళీ' అని గెస్ట్‌హౌస్ ఉండాది, ఆడ పని చేస్తాండాడు. నిన్న తెల్లారేసరికి ఆడ దిగినామె ఒకామె సచ్చిపోయింది. ఆయన పెట్టిన కుంపటి పొగకే సచ్చిందంటాండారు."

"కుంపటి ఆయనే పెట్టినాడా?"

"పెట్టినాడు. చలికాలం గదా, పొద్దుగూకినాక గదికొకటి పెడ్తాడు. పెట్టేసి వేములకు బస్సెక్కినాడు. మా పాపకు నొప్పులొచ్చినాయని కబురొస్తే నేను ముందే పోయింటి. మనవడు పుట్టినాడమ్మా. బిడ్డ మొగం చూసి పొద్దున్నే తిరిగొస్తాంటే బస్టాండులోనే పట్టుకున్యారు."

"బొగ్గులు ఎన్ని వేస్తాడు?"

"రెండు పిడికిళ్లు. నా బిడ్డలు పండుకునే తావున గూడా అట్లనే పెట్టినాడు. మనిషిని సంపేంత పొగ పెడ్తాడా ఆయన?" అంతవరకు బిగబట్టిన ఏడుపు అప్పుడు తెగింది.

మైమూన్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నాగేషప్పా, కారు తియ్యి," అంది.

*

జమ్మలమడుగు దాటి పెన్న వైపు తిరిగితే, బండరాళ్ల మధ్య ఒంటరిగా కనిపిస్తుంది 'ఖాళీ'. పాతకాలపు రాతి మిద్దెను కొని, గదులుగా మార్చి, సున్నం కొట్టారు. లోపల కిటికీ లేదు, మంచం లేదు, అద్దం లేదు, గడియారం లేదు. తలుపులకు గడియలు కూడా లేవు. నగరాల్లో అలిసిపోయినవాళ్లు కొద్దిరోజులు ఏమీ లేకుండా బతికి చూడ్డానికి వస్తారు. చెప్పులు, ఫోన్లు, పుస్తకాలు, ఏవైనా సరే గేటు దగ్గరే అప్పజెప్పాలి. వాటిని చెక్కపెట్టెల్లో పెట్టి స్టోరు గదిలో దాస్తారు.

దాన్ని నడిపే చంద్రమోహన్ బెంగళూరులో ప్రకటనల కంపెనీ వదిలేసి వచ్చినవాడు. తెల్లబట్టలు, ఒట్టికాళ్లు, నెమ్మదైన గొంతు.

"పాపం, మునెయ్య మంచివాడే," అన్నాడు. "కానీ పల్లెటూరి అలవాటు. చలి ఎక్కువగా ఉందని కుంపటి నిండా బొగ్గులు పోశాడు."

"గదికి గవాచి ఉంది కదా?" అంది మైమూన్. మిద్దె పైకప్పులో గాలికీ వెలుతురుకూ వదిలే చతురస్రపు కంతను సీమలో గవాచి అంటారు. వానొస్తే పైకెక్కి బండతో మూస్తారు.

"ఉంది. తెరిచే ఉంది. నిన్న ఆమెను లేపబోయినప్పుడు నేను తలెత్తి చూశాను, ఆకాశం కనిపించింది. అంత పొగకు ఆ కంత చాలలేదు మరి."

"పైన బండ ఎవరైనా కదిలించారేమో?"

"అసలు కుదరదు మేడం. మిద్దె మెట్లు నా గదిలోంచే. ఆ తలుపు తాళంచెవి ఇదిగో, నా నడుముకే ఉంటుంది. స్నానానికి పోయినా తియ్యను. వారం నుంచి పైకి ఎవరూ వెళ్లలేదు."

పక్కనే ఉన్న ఎస్‌ఐ జీషాన్ తలూపాడు. శిక్షణలో ఉన్నప్పుడు మైమూన్ పాఠాలు విన్న కుర్ర అధికారి అతను. "కుంపటి బూడిద అంచుదాకా ఉంది మేడం. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు కూడా బొగ్గు విషవాయువే అన్నాడు. పొరపాటున జరిగిన చావే అనుకున్నాం. కానీ గది సీలు వేసి పెట్టాం, మీరు చూడొచ్చు."

చనిపోయినామె పేరు ఫాతిమా. కువైట్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, రిటైరై సొంతూరు చెన్నూరుకు వచ్చింది.

ఆమె గదిలో ఒక చాప, ఒక దిండు, నీళ్లకుండ, గూట్లో దీపం, కుంపటి తప్ప ఏమీ లేవు. నాగేష్‌కు చూడ్డానికేమీ కనబడలేదు. మైమూన్ మాత్రం చాలాసేపు గవాచి కింది నేలనే చూసింది. ఎర్రమట్టి అలికిన నేల అద్దంలా నున్నగా ఉంది.

"మొన్న రాత్రి వాన పడిందా?" అనడిగింది.

"చెప్పాపెట్టకుండా వచ్చింది మేడం, బాగానే కొట్టింది," అన్నాడు జీషాన్.

ఆమె పక్కగదికి పోయింది. తర్వాత ఆ పక్కదానికి. ఆ గదుల్లో గవాచి కింద అలుకు చెదిరి, చినుకుల గుంటలు పడి, ఎండిపోయి ఉంది. నాగేష్ కూడా చూశాడు, కానీ పాత కప్పు కురిసిందనుకున్నాడు.

తిరిగొచ్చి ఆమె దిండును రెండు చేతులా నొక్కి చూసింది. కుట్టు ఒకవైపు విప్పి మళ్లీ ముడేసినట్టుంది. దాన్ని విప్పి బూరుగు దూదిలోంచి చిన్న గుడ్డసంచి బయటికి తీసింది. పచ్చ పట్టుదారంతో మల్లెతీగ అల్లిన సంచి. లోపల ఇన్సులిన్ సూదులు. చీటీ మీద నయీం అన్న పేరు, పోయిన ఏటి తేదీ ఉన్నాయి.

"ఫాతిమాకు షుగర్ ఉందా?" అంది.

"లేదు," అన్నాడు జీషాన్, ఆశ్చర్యపోతూ.

ఆమె చంద్రమోహన్ దగ్గర తాళంచెవి తీసుకుని నాగేష్‌తో మిద్దెక్కింది. పైకప్పంతా చౌడుమట్టి. ప్రతి గవాచి పక్కనా ఒక నల్లబండ పడుకుని ఉంది.

"ఒక్కోటీ లేపి చూడప్పా. కింద ఏముందో చెప్పు."

నాగేష్ మొదటి బండ లేపాడు. "మెత్తటి దుమ్ము. చీమలు పుట్టలు పెట్టినాయి."

రెండోదీ మూడోదీ అంతే. ఫాతిమా గది మీది బండ లేపి, "ఈడ చీమల్లేవు. మట్టి గుంటలు గుంటలుగా ఉంది, అమ్మవారు పోసిన మొగం మాదిరి," అన్నాడు.

"ఫోటో తీసి, ఉన్నది ఉన్నట్టు పెట్టు," అంది మైమూన్. ఆమె ముఖం ఎందుకంత గంభీరంగా మారిందో అప్పటికీ అతనికి అర్థం కాలేదు.

*

ఆ రాత్రి 'ఖాళీ'లో ఉన్నది ఫాతిమా, చంద్రమోహన్ కాక ఇంకో ఇద్దరే. ఒకరు పులివెందులలో చీనీ బత్తాయిల వ్యాపారం చేసే అన్సర్. మోకాళ్ల నొప్పులతో కర్రపట్టుకుని నడుస్తాడు. రెండో మనిషి, అక్కడే ఉండి యోగా నేర్పే శ్వేత.

"మీరేమైనా మందులు వాడతారా? ఎక్కడున్నాయి?" అని అన్సర్‌నడిగింది మైమూన్.

"బీపీ మాత్రలు పెట్టెలో ఇచ్చేసినా ఆపా," అన్నాడు, అక్కను పిలిచినట్టు. "మందులు గూడా బరువేనంట, అవి వదిలితేనే ఒళ్లు తనంతట తానే బాగుపడుతుందని చంద్రమోహన్ సార్ చెప్పినాడు. ఆ ఫాతిమా ఆపా నన్ను తిట్టింది. ఇప్పుడే పోయి తెచ్చుకుని మింగు అనింది. ఆ సాయంత్రం సార్‌తోనూ గొడవ పడింది. ఈడ ఎవరూ గట్టిగా మాట్లాడరు గదా, ఆమె గొంతు నాకినిపించింది. 'రేపు కడపకు పోయి అందరికీ చెప్తా' అనింది."

"దేన్ని గురించి?"

"తెలీదు ఆపా. నాది కాని మాట నాకెందుకని చెవులు మూసుకున్యా."

శ్వేత చేతులు ఒళ్లో పెట్టుకుని, స్టోరు గది వైపు చూసి, మళ్లీ తల దించుకుంది.

అంతలో ఫాతిమా ఫోను, చెప్పులు తీసుకుపోవడానికి చెన్నూరు నుంచి ఆమె మరదలు వచ్చింది. పేరు నిఖత్. నయీం భార్య. ఆ పేరు వినగానే మైమూన్ ఆమెను వేపచెట్టు నీడకు తీసుకుపోయింది.

"మీ ఆయనకేమైంది తల్లీ?"

"పోయిన ఏడు కువైట్ నుంచి సెలవు మీద వచ్చినాడు. శానా అలిసిపోయినాడని నేనే ఈడికి పంపించినా. నాలుగు రోజులకే ఒంట్లో షుగర్ పెరిగి స్పృహ తప్పినాడు. ఆసుపత్రిలో చేర్చినారు గాని, దక్కలే." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అట్లాగే కారనిచ్చింది. "సంచిలో మందే లేదని ఈ సార్ చెప్పినాడు. నేను పెట్టినట్టే గుర్తు. కానీ మరిచిపోయినానేమో, ఎవరికి తెలుసు? ఆ రోజు నుంచి మా అత్త నాతో మాట్లాడదు. ఫాతిమా ఆపా ఒక్కతే నన్ను నమ్మింది. నెమ్మదిగా నాలుగు రోజులుండి వస్తానని చెప్పి బయల్దేరింది. ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలీదు."

మైమూన్ జీషాన్‌ను పిలిచి, "మునెయ్యను తీసుకురాండి. అందర్నీ హాల్లో కూర్చోబెట్టండి," అంది.

*

పెద్ద హాల్లో చాపల మీద అందరూ కూర్చున్నారు. మునెయ్య గోడకు ఆనుకుని, నాగులమ్మ అతని చెయ్యి పట్టుకుని. మైమూన్ మధ్యలో నిలబడింది.

"ఫాతిమా బొగ్గు పొగతోనే చనిపోయింది. అందులో అనుమానం లేదు. కానీ గవాచి తెరిచి ఉంటే ఆ విషం పైకి పోయేది. చంద్రమోహన్‌గారు పొద్దున చూసినప్పుడు తెరిచే ఉందన్నారు. అది నిజమే. రాత్రి మాత్రం మూసి ఉంది."

"ఎలా చెప్తారు?" అన్నాడు చంద్రమోహన్.

"ఆ రాత్రి వాన పడింది. గవాచి తెరిచున్న ప్రతి గదిలోనూ నేల మీద చినుకుల గుంటలున్నాయి. ఫాతిమా గదిలో ఒక్కటి లేదు. వాన పడుతున్నప్పుడు ఆ కంత మీద బండ ఉంది. తెల్లారేసరికి తీసేశారు."

"కంత మీద గుడ్డ అడ్డం పడిందేమో. గాలికి ఏదైనా..."

"నేనూ అదే అనుకుని మిద్దెక్కినా. మిగతా బండల కింద దుమ్ము పొడిగా ఉంది. వాటిని వానలో ఎవరూ కదిలించలేదు. ఫాతిమా గది బండ కింద మాత్రం చినుకులు పడ్డ గుంటలున్నాయి. బండ పక్కన పడుకుని ఉంటే దాని కింద వాన ఎట్లా పడుతుంది? వాన పడినప్పుడు అది అక్కడ లేదు. కంత మీద ఉంది."

నాగేష్‌కు అప్పుడు అర్థమైంది. తన చేతులతో లేపిన బండ. తన నోటితో చెప్పిన గుంటలు.

"మునెయ్య మూసినాడనుకుందామా? అతను వేములలో ఉన్నాడు. తెల్లారి తీసేదానికి ఇక్కడ లేడు. అన్సర్ భాయ్ మెట్లెక్కలేడు. ఎక్కగలిగినా ఎవరికీ కుదరదు. ఆ తలుపు తాళంచెవి స్నానానికి పోయినా నడుము దిగదని చంద్రమోహన్‌గారే చెప్పినారు. గవాచిని ఎవరూ ముట్టుకోలేదని నమ్మించాలని చెప్పిన మాట అది. ఆ మాటతో మిద్దె మీదికి పోగలిగిన మనిషి ఒక్కరే మిగిలినారు."

ఆమె చంద్రమోహన్ వైపు తిరిగింది.

"గడియ లేని తలుపు తీసి, నిద్రపోతున్న మనిషి పక్కన కుంపటి నింపినారు. పైకెక్కి బండ కప్పినారు. ఎందుకంటే ఆమె ఇక్కడికి విశ్రాంతి కోసం రాలేదు. తమ్ముడు మందులు తెచ్చుకున్నాడో లేదో తెలుసుకోవడానికి వచ్చింది. తెలుసుకుంది."

ఆమె గుడ్డసంచి తీసి నిఖత్ ముందు పెట్టింది.

నిఖత్ దాన్ని చూసింది. వేలితో మల్లెతీగను తాకింది. "నేను అల్లిందే," అంది. "నేను పెట్టినా. పెట్టినా గదా..."

శ్వేత ఒక్కసారిగా ఏడ్చేసింది. "స్టోరు గదిలో నయీంగారి పెట్టె అలాగే ఉండిపోయింది. ఫాతిమాగారు అడిగితే నేనే తెరిచి చూపించాను, ఆ సంచి ఆమె తీసుకుంది. సార్‌కు నేనే చెప్పాను. ఇలా చేస్తారని నాకు తెలీదు మేడం."

చంద్రమోహన్ ఆ సంచి వైపు చూశాడు. "నయీం తన ఇష్టంతోనే ఇచ్చాడు," అన్నాడు. "నేను బలవంతం చెయ్యలేదు. ఆమెకూ అదే చెప్పాను. వినలేదు. ఇక్కడ ఎంతమంది నెమ్మదిగా నిద్రపోయారో మీకు తెలియదు. వాళ్లందరికీ ఈ చోటు లేకుండా చేస్తానంది."

"నయీం చచ్చిపోతున్నప్పుడు మందు మీ పెట్టెలోనే ఉంది," అంది మైమూన్. "డాక్టరుకు ఆ ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. తర్వాతనైనా ఈ పిల్లకు చెప్పి ఉండొచ్చు. చెప్పకుండా ఆ పాపం ఈమె నెత్తిన వేసినారు."

జీషాన్ లేచి చంద్రమోహన్ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత మునెయ్య దగ్గరికొచ్చి, "నన్ను క్షమించు మామా," అన్నాడు. మునెయ్య తలూపాడు. నాగులమ్మే అతన్ని లేపి నిలబెట్టింది.

*

బయట కారు దగ్గర నిఖత్ మైమూన్ చెయ్యి పట్టుకుంది. "ఆపా, మీరొచ్చి మా అత్తకు చెప్పండి. నేను చెప్తే నమ్మదు."

ప్రొద్దుటూరుకు పోవాల్సిన కారు చెన్నూరుకు తిరిగింది.

నిఖత్ అత్త మాబున్ని నులకమంచం మీద కూర్చుని ఉంది. ఇంటి నిండా చుట్టాలు. ఏడాది తిరక్కముందే కొడుకునూ కూతురినీ పోగొట్టుకున్న మనిషికి ఏ మాటతో మొదలుపెట్టాలో నాగేష్‌కు తోచలేదు. మైమూన్ కింద నేల మీద కూర్చుని, ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా, మొదటి నుంచీ చెప్పింది. మందు ఎవరు పెట్టారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు అబద్ధం చెప్పారు, ఫాతిమా దేనికోసం పోయింది.

మాబున్ని అంతా అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి ఉన్న కోడలి వైపు తిరిగింది. ఆమెను చూసి ఎన్నాళ్లయిందో, గుర్తుపట్టడానికన్నట్టు కళ్లు చిట్లించింది.

"ఇట్ల రా బిడ్డా," అంది.

నిఖత్ పోయి మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడింది. ముసలామె ఆ తలను ఒళ్లోకి లాక్కుని, వంగి, తన కొంగు మొత్తం ఆమె మీద కప్పేసింది. మైమూన్ లేచి నాగేష్‌కు సైగ చేసింది. ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచారు.