జెర్సీ గుడ్డ కింద పూతరేకు

కుట్టు మిషను తప్పు చేయదు, కుట్టేవాళ్ళే చేస్తారు. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. రావులపాలెంలో మా రిపేరు షాపుకి గొడవకొచ్చిన ప్రతివాళ్ళకీ నేను అప్పజెప్పేదీ అదే. ఆ సోమవారం వీరదుర్గకి కూడా అప్పజెప్పాను. నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

ఆమె ఆత్రేయపురం నుంచి, స్టాండు ఊడదీసిన మిషను హెడ్డుని స్కూటీ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చింది. చినుకులు పడుతున్నాయి. తను సగం తడిసింది గానీ మిషనుకి మాత్రం తువ్వాలు కప్పి ఉంది.

"శనివారం మనిషితో పంపిస్తే సర్వీసింగ్ చేశారు కదండీ. కుట్లు వదిలేస్తోంది" అంది.

నేను పాత కాటన్ ముక్క ఒకటి పెట్టి కుట్టి చూపించాను. ఒక్క కుట్టు కూడా తప్పలేదు. అప్పుడే మా నాన్న పాఠం చెప్పాను. ఆమె సంచిలోంచి తన గుడ్డ తీసి సూది కింద పెట్టింది. లేత గంధం రంగు జెర్సీ. బనీను గుడ్డలా లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. చేత్తో ముట్టుకుంటే వెన్నలా ఉంది. మిషను రెండు కుట్లు వేసి మూడోది మింగేసింది.

అయితే తప్పు గుడ్డలో ఉందన్నాను.

"రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్లో గంటసేపు ఏరి తెచ్చుకున్న గుడ్డండీ ఇది. మిషన్లో తప్పు లేదని మీరే అన్నారు. గుడ్డలో లేదని నేనంటున్నాను. ఇంక మిగిలింది మెకానిక్ గారే."

అనేసి నవ్వింది. నాకు కోపం రావాలి. ఎందుకో రాలేదు.

మిషను స్టాండుకి బిగిస్తేగానీ జబ్బు తెలియదని అబద్ధమాడి మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ సూర్యకళ గారు అరుగు మీద పూతరేకులు తీస్తున్నారు. కింద మంట, పైన బోర్లించిన కుండ. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిస్తే చాలు, పొరలా రేకు లేచొస్తుంది. నన్ను చూసి తలూపి, మళ్ళీ తన పనిలో పడ్డారు.

జారే గుడ్డ కింద కాగితం పెట్టి కుడితే కుట్టు నిలుస్తుందని మా నాన్న ఎప్పుడో చెప్పగా విన్నాను. న్యూస్‌పేపర్ చీలికలుగా చించి పెట్టించాను. కుట్టు నిలిచింది. కాగితం చించి చూస్తే గంధం రంగు భుజం మీద పేపరు సిరా నల్లగా అంటుకుని ఉంది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సబ్బు తెచ్చి మరక రుద్దుతూ కూర్చుంది. అంత అర్జెంటా అని అడిగితే, ఆదివారం పదింటికి పిఠాపురం నుంచి పెళ్ళిచూపులకి వస్తున్నారని చెప్పింది. కిందటిసారి ఎవరో వచ్చినప్పుడు పట్టుచీర కట్టి, ఊపిరాడకుండా కూర్చోబెట్టారట. ఈసారి హాయిగా ఉండే బట్టలోనే, అదీ తను కుట్టుకున్న దాంట్లోనే కూర్చుంటానని పట్టుబట్టిందట. నచ్చితే ఇలాగే నచ్చాలి అంది.

నా గుండెల్లో రాయి పడింది. ముందురోజే చూసిన అమ్మాయి ఆదివారం ఎవరి ముందు కూర్చుంటే నాకేంటి అని ఎంత సర్దిచెప్పుకున్నా ఆ రాయి కదల్లేదు.

అరుగు మీద నుంచి సూర్యకళ గారు లేచొచ్చి, తడిగుడ్డ అద్ది మెత్తబరిచిన రేకు ఒకటి కూతురి చేతిలో పెట్టారు.

"పేపరెందుకు బాబూ, ఇది పెట్టి కుట్టండి. నీళ్ళలో ముంచితే అదే కరిగిపోద్ది."

పెట్టి కుట్టాం. రేకు మీద జెర్సీ బుద్ధిగా నడిచింది. ఒక్క కుట్టు తప్పలేదు. బకెట్లో ముంచితే రేకు కరిగిపోయి, భుజం దగ్గర కుట్టు ఒక్కటే మిగిలింది. పన్నెండేళ్ళుగా మిషన్లు విప్పుతున్న నాకు తట్టనిది ఆవిడకి కుండ దగ్గర కూర్చుని తట్టింది. సంతోషించాను. రెండు నిమిషాల తర్వాత, ఇంక ఈ ఇంటికి రావడానికి నాకు పని లేదని తెలిసొచ్చింది.

అయినా బుధవారం నూనె వేయాలని వెళ్ళాను. గురువారం బెల్టు చూడాలని వెళ్ళాను. ఆమె కుడుతుంటే నేను కింద రేకులు అందించాను. మా మిషనుకి రోజూ జ్వరం చూస్తున్నారేంటండీ అని ఆమె ఏడిపించేది. ఈ గుడ్డ తన బరువుకే కిందికి సాగుతుంది కాబట్టి డ్రెస్ ఒక రాత్రంతా హ్యాంగర్‌కి వేలాడాలట, ఆ తర్వాతే కింద అంచు మడవాలట. నేను చెప్పాల్సింది మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయేది. శుక్రవారం సాకు దొరక్క షాపులోనే కూర్చున్నాను. ఆ రోజు ఏ మిషను విప్పానో, ఏది బిగించానో నాకే గుర్తులేదు.

శనివారం మధ్యాహ్నం సూర్యకళ గారు ఫోన్ చేశారు. అంచు ఒక్కటే మిగిలింది, మిషను మళ్ళీ పాడైంది, ఒకసారి రమ్మన్నారు. ఉన్నపళంగా వెళ్ళాను.

కుట్టు అడుగున దారం ఉండలు కట్టింది. దారం బిగువు చూసే నట్టు ఎవరో పూర్తిగా వదులు చేసేశారు. అది తనంతట తాను వదులయ్యేది కాదు. సామాను కావాలి, నాలుగు రోజులు పడుతుందని చెబితే నమ్ముతారు కదా అని ఒక్క క్షణం అనిపించింది. డ్రెస్ పూర్తికాదు. కానీ పెళ్ళిచూపులు ఆగవు, ఆమె మళ్ళీ ఆ పట్టుచీరలో కూర్చోవాలి. నట్టు బిగించడానికి చెయ్యి పెట్టాను.

నట్టు మీద బియ్యప్పిండి ఎండిపోయి తెల్లగా ఉంది. రెండు వేళ్ళ గుర్తులు.

దుర్గని చూశాను. ఆమె పొద్దున్నే దారం కోసం రాజమండ్రి వెళ్ళి అప్పుడే వచ్చింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆమె కూడా ఆ గుర్తులు చూసింది. ఇద్దరం అరుగు వైపు తిరిగాం.

"నేనే తిప్పాను" అన్నారు సూర్యకళ గారు, కుండ మీద నుంచి చూపు తిప్పకుండా. "నిన్నంతా ఇది నాలుగుసార్లు గుమ్మంలోకొచ్చి రోడ్డు చూసింది. ఈ అబ్బాయేమో బాగున్న మిషనుకి మూడు రోజులు నూనె పోశాడు. ఇద్దరికీ నోళ్ళు లేవు. పిఠాపురం వాళ్ళకి సాయంత్రంలోగా కబురు చెయ్యాలి. రమ్మననా, వద్దననా?"

దుర్గ ముఖం ఎర్రబడింది.

"వద్దని చెప్పండి" అన్నాను సూర్యకళ గారితో.

"అడగాల్సింది అమ్మనా?" అంది దుర్గ నెమ్మదిగా.

ఆమె వైపు తిరిగాను. మంగళవారం నుంచి నోట్లో నలిగిన మాట తిన్నగానే బయటికొచ్చింది.

"మీరంటే నాకు చాలా ఇష్టం దుర్గ గారూ. నన్ను చేసుకుంటారా?"

ఆమె హ్యాంగర్ మీదున్న డ్రెస్ తీసి, అంచు మడిచి, సూది కింద పెట్టుకుంది.

"పదింటికి ఎవరో ఒకరు వస్తారనే కదండీ ఇంత కష్టపడి కుట్టాను. రేపు మీ అమ్మగారిని తీసుకుని రండి" అంది. "రేకులు అందించండి, చీకటి పడేలోగా అయిపోవాలి."

ఆదివారం పదింటికి మా అమ్మ రామలక్ష్మి, నేను ఆ అరుగెక్కాం. మా అమ్మ సూర్యకళ గారి దగ్గర పదేళ్ళుగా రేకులు కొంటోంది. రాత్రి విషయం చెబితే, సూర్యకళ గారు బుధవారమే తనకి ఫోన్ చేసి నా గురించి వాకబు చేశారని తీరిగ్గా బయటపెట్టింది.

దుర్గ వచ్చి ఎదురుగా కూర్చుంది. గంధం రంగు డ్రెస్ భుజాల మీద నుంచి పాదాల దాకా మెత్తగా జారింది. అందులో ప్రతి కుట్టూ నాకు తెలుసు. అయినా తలెత్తి చూడలేకపోయాను.

మా అమ్మ పద్ధతి ప్రకారం అమ్మాయిని ఏమైనా అడుగుతావా అంది. నాకు ఒక్క ప్రశ్నా తోచలేదు.

"పోనీ నేనడగనా అండీ?" అంది దుర్గ. మా అమ్మ తలూపింది.

"నాకు జవాబు నిన్ననే తెలిసింది. అయినా అందరి ముందూ వినాలనుంది. నచ్చానా?"

అప్పుడు తలెత్తాను. నాతో అంత పోట్లాడిన అమ్మాయి గొంతు ఆ చివరి మాట దగ్గర కొంచెం వణికింది.

"సోమవారమే నచ్చారు" అన్నాను.