తలుపు చూసిన మనిషి

సెర్బియాలోని కోవిన్ ఊరి చివర, దాన్యూబ్ నది గట్టు పక్కన, దరింకా వాళ్లు కొనుక్కున్న ఇల్లు చిన్నదే. గ్యారేజీ మాత్రం విశాలంగా, ఇంటిని ఆనుకుని ఉంది. వంటింట్లోంచి నేరుగా అందులోకి దారి. దరింకా పశువుల మందుల దుకాణంలో పనిచేస్తుంది. భర్త మిలుటిన్ బెల్‌గ్రేడ్ బస్సు నడుపుతాడు. అతని తల్లి కొసారాకి మతిమరుపు మొదలయ్యాక తెచ్చి తమ దగ్గరే పెట్టుకున్నారు.

గ్యారేజీకి సరైన తలుపు లేదు. ఎవరో పాత చెక్కలు అడ్డంగా మేకులు కొట్టి రెండు రెక్కలుగా నిలబెట్టారు. చలికాలం వచ్చి కోషవా అనే ఈదురుగాలి మొదలయ్యేసరికి ఆ రెక్కలు పళ్లు కొరికినట్టు చప్పుడు చేసేవి. ఒకరోజు కొసారా గ్యారేజీలో పెట్టిన పీపాలోంచి ఊరేసిన క్యాబేజీ తీసుకొద్దామని వెళ్తే, గాలికి ఓ రెక్క విసురుగా వచ్చి ఆమె మోచేతికి తగిలింది. నీలంగా కమిలిపోయిన ఆ చేతికి మందు రాస్తూనే దరింకా చెప్పేసింది, ఈసారి మంచి తలుపు పెట్టించాల్సిందేనని, అదీ నమ్మకమైన మనిషి చేత.

నమ్మకమైన మనిషి దొరకడమే కష్టం. ముందు మిలుటిన్ తన స్నేహితుడు బానేని పిలుచుకొచ్చాడు. బానే గుమ్మం వైపు ఓసారి చూసి, కొలత కూడా అక్కర్లేదన్నాడు, ఇలాంటివి కళ్లు మూసుకుని బిగించేస్తానన్నాడు. కాఫీ తాగాడు, ప్లం సారా తాగాడు, జోకులు చెప్పాడు, వెళ్లిపోయాడు. మిలుటిన్‌కి తెగ నచ్చాడు. దరింకాకి ఆ కళ్లు మూసుకోవడమే నచ్చలేదు.

తర్వాత జివొయిన్ అనే ఆయన వచ్చాడు. నవ్వు లేని మొహం. కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా కొలతలు తీస్తూనే ఉన్నాడు. ఈ తలుపు రోజూ ఎవరెవరు వాడతారని అడిగాడు. ముసలావిడ కూడా తిరుగుతుందని తెలిశాక, ఒక్క రేకుగా దిగే తలుపు వద్దన్నాడు. పలకలు పలకలుగా మడతపడుతూ పైకి వెళ్లేది, లోపల ఫోమ్ నింపింది అయితే గాలికీ చలికీ ఆగుతుందన్నాడు. తను బాగా బిగించిన ఇంటికి కాకుండా, ఒకసారి తప్పు చేసిన ఇంటికి దరింకాని పంపించాడు. "వాళ్లని అడగండి, పిలిస్తే మళ్లీ వచ్చానో లేదో." వచ్చాడట, వానలో. దరింకా ఆయనకే పని ఇచ్చింది.

పాత చెక్కలు పీకేటప్పుడు జివొయిన్ పైకప్పు దగ్గర ఆగిపోయాడు. అక్కడ తుప్పు పట్టిన ఇనప పట్టాలు ఇంకా ఉన్నాయి. ఒకటి మెలితిరిగిపోయి ఉంది.

"ఇక్కడ ముందొక ఇనప తలుపు ఉండేదమ్మా. ఎందుకు తీసేశారు?"

తెలీదంది దరింకా. ఆయన ఆ పట్టాలు కోసి పారేశాడు.

కొత్త తలుపు అందంగా కుదిరింది. బటన్ నొక్కితే మెత్తగా గురగురమంటూ దిగేది. గుమ్మానికి రెండు పక్కలా, మోకాలి ఎత్తున, అగ్గిపెట్టెంత సెన్సరు కళ్లు రెండు బిగించాడు జివొయిన్. ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయవి. మధ్యలో పిల్లి అడ్డొచ్చినా తలుపు ఆగి వెనక్కి వెళ్లిపోతుంది. "వీటిని తీసెయ్యమని మాత్రం నన్నెప్పుడూ అడక్కండి" అని చెప్పి వెళ్లాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది.

ఒక సంధ్యవేళ మిలుటిన్ బస్సు దిగి, కారేసుకుని ఇంటికొచ్చి, లోపల పెట్టి బటన్ నొక్కాడు. తలుపు నడుం ఎత్తుదాకా దిగింది. ఆగింది. మళ్లీ పైకి వెళ్లిపోయింది. గుమ్మంలో ఎవరూ లేరు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. ఆకో, కాయితమో అడ్డుందేమోనని చూశారు. గచ్చు శుభ్రంగా ఉంది. బాగా చీకటిపడ్డాక నొక్కితే మాత్రం ఏ గొడవా లేకుండా మూసుకుంది.

మర్నాడూ అదే వేళకి అలాగే చేసింది. ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం బాగుంటుంది. వెలుగు చచ్చిపోయి చీకటి ఇంకా కుదురుకోని ఆ కాసేపు మాత్రం తలుపు మూసుకోదు. అలా తెరిచి ఉన్నంతసేపూ గాలితో పాటు ఒక వాసన వంటింటిదాకా వచ్చేది. తడిసిన ఉన్ని కోటు వాసన. బయట వాన లేకపోయినా.

కబురు పెట్టగానే జివొయిన్ వచ్చాడు. తలుపు కళ్లు తుడిచాడు, అవి తీసి కొత్తవి పెట్టాడు. సంధ్యవేళదాకా కూర్చుని తనే బటన్ నొక్కాడు. తలుపు దిగింది, ఆగింది, పైకెళ్లింది. ఆయన వెళ్లి గుమ్మంలో, ఆ కళ్ల మధ్య చెయ్యి పెట్టాడు. చటుక్కున వెనక్కి లాక్కుని కోటు జేబులో పెట్టేసుకున్నాడు. మళ్లీ బయటికి తియ్యలేదు.

"కన్ను బాగానే ఉందమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "అదేం చూస్తోందో నాకు కనబట్టం లేదు, అంతే."

ఆ వారంలోనే దరింకా ఒక మాట విన్నది. పొయ్యి దగ్గర మిరపకాయలు కాలుస్తుంటే గ్యారేజీలోంచి అత్తగారి గొంతు వినబడింది. ఎవరినో బతిమాలుతున్నట్టు, గుసగుసగా.

"లోపలికి రా అమ్మడూ. దీపాలవేళ గుమ్మంలో నిలబడకూడదు."

దరింకా వెళ్లి చూసింది. పీపా పక్కన కొసారా ఒక్కతే ఉంది. ఎవరితో అత్తయ్యా అని అడిగితే, ముసలావిడ కోడలి మొహం కేసి తెలియనట్టు చూసి, చలేస్తోందంది.

వీధి అవతలి పెర్సిదా పిన్నికి ఆ ఇంటి సంగతి తెలుసు. కాఫీ కప్పు ముందు పెట్టుకుని చాలాసేపు తిప్పుతూ కూర్చుని, చివరికి చెప్పింది. ముందు ఆ ఇంట్లో స్తమెంకా అనే ఆమె ఉండేది. ఆమె మొగుడు చవగ్గా అవుతుందని ఎవరో చుట్టం చేత ఇనప తలుపు బిగించుకున్నాడు. స్తమెంకా రోజూ సాయంత్రం ఉన్ని కోటు కప్పుకుని, సగం ఎత్తిన తలుపు కింద నిలబడి మొగుడి కోసం ఎదురుచూసేది. ఒకరోజు వానలో, తలుపుని పైన ఆపి ఉంచే స్ప్రింగు తెగింది. మొగుడు వచ్చేసరికి...

పెర్సిదా కప్పు కింద పెట్టింది. "అమ్మినవాళ్లు మీకు చెప్పలేదా? ఎందుకు చెప్తార్లే."

దరింకా ఆ రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. మిలుటిన్ ఎగతాళి చేయలేదు. కానీ రోజంతా బస్సు నడిపి అలిసిపోయి వచ్చి, గుమ్మంలో ఎముకలు కొరికే గాలికి నిలబడి బటన్ నొక్కుతూ ఉండటం తన వల్ల కాదన్నాడు. వైరు లోపానికి దెయ్యం పేరు పెట్టుకుంటామా అన్నాడు. దరింకా దుకాణంలో ఉన్న వేళ చూసి బానేని పిలిపించాడు. బానే రెండు కళ్ల వైర్లూ పీకి ఒకదానికొకటి ముడేశాడు. మోటారు బలం కూడా పెంచేశాడు, ఏది అడ్డొచ్చినా ఆగకుండా.

ఆ సాయంత్రం మిలుటిన్ కారు లోపల పెట్టి, గోడ మీది బటన్ నొక్కి, చేతులు రుద్దుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. వెనక తలుపు గురగురమంటూ నింపాదిగా దిగుతోంది.

"విన్నావా? ఆగట్లేదు" అన్నాడు.

ఏం చేశావని అడిగింది దరింకా. చెప్పాడు. ఆమె గరిట పక్కన పెట్టి ఇటు తిరిగింది. అప్పుడు గమనించింది... కిటికీ దగ్గర అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది.

"అత్తయ్య ఏది?"



ఇద్దరూ గ్యారేజీలోకి పరిగెత్తారు. లోపల చీకటి. క్యాబేజీ పులుపు. దాని మీదుగా తడి ఉన్ని వాసన, గుప్పున. కారు అవతల, గుమ్మంలో, బూడిదరంగు వెలుగులో కొసారా ఉంది. వాకిట్లోంచి లోపలికి వస్తోంది. వీపు ఇటు, మొహం అటు. వెనక్కి వెనక్కి నడుస్తోంది. చెయ్యి ముందుకు చాచి ఎవరినో పట్టుకుని లాక్కొస్తోంది.

ఆమె నెత్తి మీద తలుపు దిగుతోంది.

మిలుటిన్ బటన్ మీద గుద్దాడు. ఆగలేదు. మళ్లీ గుద్దాడు. దరింకా కారుకీ గోడకీ మధ్య ఇరుక్కుంటూ, మోకాళ్లు గీసుకుంటూ పాకింది. అందదు. తెలుస్తూనే ఉంది... అందదు.

తలుపు ఆగింది.

కొసారా తలగుడ్డకి బెత్తెడు పైన ఆగింది. మోటారు ఆగలేదు. అది మూలుగుతోంది. గొలుసు బిగుసుకుని కీచుమంటోంది. కాలిన వాసన. పలకలన్నీ వణుకుతున్నాయి. దరింకా తల ఎత్తి చూసింది. తలుపు అడుగున దళసరి రబ్బరు అంచు రెండుచోట్ల పైకి నొక్కుకుపోయి ఉంది... కింద నుంచి ఎవరో రెండు అరచేతులూ ఆనించి ఎత్తి పట్టుకున్నట్టు.

కొసారాకి ఏ తొందరా లేదు.

"పద... పద... ఇదే మనిల్లు" అంటూ వెనక్కి అడుగులేసింది. గుమ్మం దాటింది.

తలుపు ఇంకా పైనే ఉంది. ఇంకో మనిషి దాటేంతసేపు.

తర్వాత దభాలున పడింది.

మర్నాడు జివొయిన్‌కి మిలుటిన్ తనే ఫోను చేశాడు. సగం సగం చెప్పాడు. జివొయిన్ వచ్చి ముడేసిన వైర్లు చూసి పళ్లు బిగించాడు. కళ్లు మళ్లీ బిగించాడు, మోటారు విప్పాడు. లోపలి చక్రం పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. వాటిని వేలితో తడిమి, ఏది అడ్డుపడిందని అడగబోయి, దరింకా మొహం చూసి మానేశాడు.

ఆ సాయంత్రం సంధ్యవేళకి తలుపు దిగింది. ఆగకుండా, మెత్తగా, గచ్చుని ముద్దుపెట్టుకున్నట్టు మూసుకుంది. మర్నాడూ అంతే. మిలుటిన్ ఊపిరి పీల్చుకున్నాడు, పీడ వదిలిందన్నాడు. దరింకా తలూపింది. గుమ్మంలో ఇప్పుడు ఎవరూ నిలబడటం లేదని ఆమెకీ తెలుసు. ఆ మాట వెనక వచ్చే ఇంకో మాటని ఆమె పైకి అనలేదు.

కొసారా వేళ్లు ఎప్పట్నుంచో వణుకుతాయి. గుండీ పెట్టుకోలేదు, చేతులు భుజం దాటి లేవవు. అయినా ఈమధ్య పొద్దున్నే లేచేసరికి ఆమె తెల్లజుట్టు నున్నగా దువ్వి, బిగుతుగా జడ అల్లి ఉంటోంది. పాతకాలం పద్ధతిలో, చివర నల్లదారం కట్టి. మిలుటిన్ వేస్తున్నాడేమో, తల్లి మీద ప్రేమ పెరిగిందేమో అనుకుంది దరింకా. మిలుటిన్, పెళ్లాం వేస్తోందనుకున్నాడు. ఇద్దరికీ సంగతి తేలినరోజున ముసలావిడనే అడిగారు.

"అమ్మడు వేసింది" అంది కొసారా, నిదానంగా రొట్టె నములుతూ. "చెయ్యి చల్లగా ఉంటుంది గాని, నొప్పెట్టదు."

ఆ తర్వాత ఒక ఆదివారం. మిలుటిన్ తెల్లవారకముందే పనికి వెళ్లిపోయాడు. దరింకాకి మెలకువ వచ్చేసరికి కిటికీలో పల్చటి వెలుగు, ఇంట్లో అలికిడి లేదు. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రాత్రి ఆమె జుట్టు విరబోసుకునే పడుకుంది. దిండు తడిగా తగిలింది. ముక్కుకి తడిసిన ఉన్ని...

మెల్లగా చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది. మెడ మీద జడ ఉంది. బిగుతుగా, వరసగా, సగందాకా అల్లి ఉంది. అక్కణ్నుంచి మూడు పాయలు.

ఆ పాయలు దిండు మీద పడి లేవు. గాల్లోకి, వెనక్కి, బిగుతుగా సాగి ఉన్నాయి.